కుప్పంలో ఒక కూలి, బెంగళూరులో ఒక కూలి: ప్రాంతాన్ని బట్టి జీతాలు ఎందుకు మారతాయి?

క్లుప్తంగా: ఒక ప్రాంతంలో సగటు జీతం ఎక్కువ, ఇంకో ప్రాంతంలో తక్కువ అని లెక్కలు చెప్పినప్పుడు రెండు వేరువేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి. అక్కడ ఎలాంటి పనులు ఉన్నాయన్నది ఒకటి, ఒకే పనికి అక్కడ ఎంత ఇస్తున్నారన్నది రెండోది. ఈ రెండోదాన్ని చాలావరకు తేల్చేది పనివాడికి ఉన్న ఇంకో దారి. ఇక్కడ గిట్టకపోతే ఎక్కడికి పోగలడు, పోవడానికి ఎంతవుతుంది అన్న లెక్క అది. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఈ లెక్క కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

సగటు చెప్పేది ఎంత, దాచేది ఎంత

ఏదో ఒక సంస్థ రాష్ట్రాలవారీ సగటు జీతాల పట్టిక విడుదల చేయగానే వాట్సాప్ గ్రూపుల్లో వాదన మొదలవుతుంది. "మన దగ్గర ఇంత జీతం ఎవరికొస్తోంది?" అన్నది అందులో మామూలుగా వినిపించే ప్రశ్న. ప్రశ్న సరైనదే. పది మంది ఉన్న ఒక వీధిని ఊహిస్తే, అందులో ఎనిమిది మందికి నెలకు 15 వేలు, ఇద్దరికి 90 వేలు వస్తున్నాయనుకుందాం. సగటు 30 వేలు. ఆ వీధిలో 30 వేలు తెచ్చుకునేవారు ఒక్కరూ లేరు. అందరినీ జీతం వరుసలో నిలబెట్టి మధ్యలో ఉన్న మనిషిని అడిగితే 15 వేలు అంటాడు. దీన్నే మధ్యగతం అంటారు. జీతాల విషయంలో సగటు కంటే ఇది ఎక్కువ నిజం చెబుతుంది.

తిరుపతికి ఈ తేడా బాగా వర్తిస్తుంది. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, సైన్సు విద్యాసంస్థ ఐసర్, అంతకుముందే ఉన్న స్విమ్స్ ఆసుపత్రి, తిరుమల తిరుపతి దేవస్థానం, వీటన్నిటిలో రెగ్యులర్ ఉద్యోగులకు ప్రభుత్వ స్కేళ్ళు ఉంటాయి. వాళ్ళ పక్కనే హోటల్ సర్వర్లు, లాడ్జి బాయ్‌లు, ట్యాక్సీ డ్రైవర్లు, షాపుల్లో సేల్స్ అమ్మాయిలు పనిచేస్తారు. రెండు వర్గాలనూ కలిపి ఒక అంకె చెబితే అది ఏ ఒక్కరి జీవితానికీ దగ్గరగా ఉండదు.

లెక్క ఎవరు తీశారన్నది కూడా చూడాలి. జాతీయ గణాంక కార్యాలయం 2017-18 నుంచి నడుపుతున్న శ్రామిక శక్తి సర్వే ఇంటింటికీ వెళ్ళి అడుగుతుంది. అది నెలజీతగాళ్ళను, రోజుకూలీలను, సొంత పని చేసుకునేవారిని వేరుగా లెక్కిస్తుంది. పరిశ్రమల వార్షిక సర్వే ఫ్యాక్టరీలను మాత్రమే చూస్తుంది. పీఎఫ్ లెక్కల్లో పీఎఫ్ ఉన్నవాళ్ళే ఉంటారు. పల్లెల్లో వ్యవసాయ కూలి, తాపీ పని, వడ్రంగం వంటి వాటి రేట్లను లేబర్ బ్యూరో ఎంపిక చేసిన ఊళ్ళ నుంచి సేకరిస్తుంది. ఒక పట్టికలోని అంకెను ఇంకో పట్టికలోని అంకెతో పోల్చడం వల్లే సగం గందరగోళం పుడుతోంది. పైగా జిల్లా స్థాయిలో నమ్మదగిన జీతాల లెక్క ఇన్నాళ్ళూ లేదు. 2025 జనవరి నుంచి శ్రామిక శక్తి సర్వేను జిల్లా ప్రాతిపదికన మార్చారు కాబట్టి ఇకమీదట ఆ వెలితి కొంత తీరవచ్చు.

డబ్బున్న రాష్ట్రంలో కూలి ఎక్కువ ఉంటుందా?

ఉండి తీరాలని లేదు. రిజర్వ్ బ్యాంకు ప్రచురించే రాష్ట్రాల గణాంకాల ప్రకారం 2022-23లో పల్లెల్లో మగ వ్యవసాయ కూలీకి రోజుకు సగటున కేరళలో 764 రూపాయలు, తమిళనాడులో 470, బిహార్‌లో 309, గుజరాత్‌లో 242, మధ్యప్రదేశ్‌లో 229 వచ్చాయి. దేశ సగటు 346. నిర్మాణ పనుల్లోనూ దాదాపు ఇదే వరుస. కేరళలో 852, తమిళనాడులో 501, మధ్యప్రదేశ్‌లో 279, దేశ సగటు 393.

ఈ వరుసలో ఆగి చూడాల్సింది గుజరాత్ దగ్గర. రేవులు, రిఫైనరీలు, రసాయన ఫ్యాక్టరీలు, పెద్ద పెద్ద పారిశ్రామిక వాడలు ఉన్న రాష్ట్రం అది. తలసరి ఆదాయంలో బిహార్‌కు ఎన్నో రెట్లు పైన ఉంటుంది. అయినా పొలంలో దిగే మనిషికి బిహార్ కంటే తక్కువ ముట్టింది. రాష్ట్రం సంపాదన ఒక లెక్క, ఆ సంపాదనలో కూలీ చేతికి వచ్చేది ఇంకో లెక్క అని దీన్నిబట్టి తెలుస్తుంది. పక్కనున్న గిరిజన ప్రాంతాల నుంచి, మధ్యప్రదేశ్, రాజస్థాన్‌ల నుంచి పని కోసం వచ్చేవాళ్ళు గుజరాత్ పొలాల్లో ఎక్కువ. సొంత ఊళ్ళో వాళ్ళకు దొరికేది ఇంకా తక్కువ కాబట్టి ఇక్కడ తక్కువకైనా ఒప్పుకుంటారు. యంత్రాలు ఎక్కువగా వాడే పెద్ద పరిశ్రమలు సరుకు విలువను పెంచుతాయి గానీ పల్లెలో కూలీల కోసం పోటీని అంతగా పెంచవు.

కేరళది దీనికి పూర్తిగా ఎదురు కథ. 1970ల నుంచి అక్కడి యువకులు గల్ఫ్‌కు వెళ్ళడం మొదలుపెట్టారు. ఊళ్ళో పనిచేసే చేతులు తగ్గాయి, పంపిన డబ్బుతో ఇళ్ళు కట్టించుకునేవాళ్ళు పెరిగారు. అంటే ఒకే సమయంలో కూలీలు తగ్గి, పని పెరిగింది. చదువు ముందునుంచీ ఎక్కువ కాబట్టి పొలం పనికి కొత్త తరం రాలేదు. సంఘాల బలం దీనికి తోడైంది. 1974లో వ్యవసాయ కార్మికుల చట్టం, 1978లో హమాలీల చట్టం తెచ్చుకున్న రాష్ట్రం అది. ఇప్పుడు బెంగాల్, అస్సాం, ఒడిశా నుంచి లక్షల మంది కేరళకు వెళ్తున్నారు. అయినా అక్కడి రేటు దేశ సగటుకు రెట్టింపు పైనే ఉంది. ఎక్కువ కూలి ఉన్న చోటికి మనుషులు వెళ్తారు, దాంతో తేడా తగ్గిపోతుంది అని అర్థశాస్త్ర పాఠాల్లో ఉంటుంది. నిజ జీవితంలో అది చాలా నెమ్మదిగా జరుగుతుంది. రెండు వేల కిలోమీటర్ల ప్రయాణం, రాని భాష, పది మంది ఒకే గదిలో ఉండటం, ఇంటి దగ్గర ముసలివాళ్ళు, వీటిని లెక్కలోకి తీసుకుంటే ఆ నెమ్మదితనం ఎందుకో అర్థమవుతుంది.

మూడు రాష్ట్రాల అంచు

చిత్తూరు, తిరుపతి జిల్లాలకు ఉన్న ప్రత్యేకత ఏమంటే ఇక్కడి కూలీకి ఇంకో దారి దూరంగా లేదు. కుప్పం దాటితే ఒకవైపు కర్ణాటక, ఇంకోవైపు తమిళనాడు. చిత్తూరు పట్నం నుంచి వేలూరు గంట ప్రయాణం. నగరి నుంచి తిరుత్తణి ఇంకా దగ్గర. తడ దగ్గర రాష్ట్రం దాటితే చెన్నై శివార్లు మొదలవుతాయి.

నిజానికి ఈ సరిహద్దు మరీ పాతదేం కాదు. ఈ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలో భాగంగానే ఉండేది. ఆంధ్ర ఏర్పడ్డాక, సరిహద్దు తగాదా తేల్చడానికి పెట్టిన పటాస్కర్ సిఫారసుల మీద 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి వైపు ఊళ్ళు మద్రాసుకు వెళ్ళాయి. చుట్టరికాలు, సంతలు, మగ్గాలు రెండు వైపులా అలాగే ఉన్నాయి. అటువైపు చెన్నై పరిశ్రమల వలయం అరక్కోణం, శ్రీపెరుంబుదూరు దాకా పాకింది. ఇటువైపు ఆ స్థాయి పెట్టుబడి చాలా కాలం రాలేదు. ఒకప్పటి ఒకే కూలి మార్కెట్ రెండుగా చీలి, వేరువేరు వేగాలతో నడిచిందన్నమాట.

కుప్పం సంగతి కాస్త దగ్గరగా చూడాలి. బెంగళూరు–జోలార్‌పేట రైలు మార్గం మీద కుప్పం, గుడుపల్లె స్టేషన్లు ఉన్నాయి. తెల్లవారక ముందే అన్నం క్యారియర్లు పట్టుకుని స్టేషన్‌కు చేరేవాళ్ళలో బేల్దారి మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్ళు, సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ పనికి వెళ్ళే ఆడవాళ్ళు ఉంటారు. వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి, పని చూసుకుని, రాత్రికి ఇల్లు చేరతారు. పక్కనే కర్ణాటకలోని కేజీఎఫ్‌లోనూ ఇదే దృశ్యం. 2001లో బంగారు గనులు మూతపడ్డాక ఆ ఊరు ఊరంతా బెంగళూరు రైలు మీద ఆధారపడింది.

ఈ రైలు కుప్పంలోని కూలి రేటును ఎలా మారుస్తుంది? లెక్క కోసం బెంగళూరులో హెల్పర్‌కు రోజుకు 900 అనుకుందాం. రానుపోను చార్జీలు, అక్కడ సిటీ బస్సు, టీ టిఫిన్లు కలిపి 100 పోతే 800 మిగిలింది. ప్రయాణంలో పోయే ఐదారు గంటల అలసటకు, నిద్ర చాలకపోవడానికి కూలీ తన మనసులో ఇంకో 150, 200 విలువ కట్టుకుంటాడు. అంటే కుప్పంలోనే 600, 650 ఇస్తే ఉండిపోతాడు. అంతకంటే తక్కువ చెబితే రైలెక్కుతాడు. కుప్పంలో ఇల్లు కట్టించుకునే ఆసామి బెంగళూరులో అడుగు పెట్టకపోయినా ఆయన ఇచ్చే కూలిని బెంగళూరు రేటే శాసిస్తోంది. రైలు మార్గానికి దూరంగా, రోజూ పోయి రావడం కుదరని మండలాల్లో ఈ ఒత్తిడి ఉండదు. అక్కడ కూలీకి ఉన్న ఇంకో దారి పూర్తిగా ఊరు వదిలిపోవడమే. కుటుంబం, రెండు ఆవులు, కాస్త మామిడి తోట ఉన్నవాడికి అది తేలిక కాదు. అందుకే అలాంటి చోట్ల కూలి కిందికి జారుతుంది.

ఆడకూలీల విషయంలో ఇదే లెక్క ఇంకా కఠినంగా పనిచేస్తుంది. చెరకు, వేరుశనగ, టమోటా పొలాల్లో మగవాళ్ళతో సమానంగా వంగి పనిచేసినా వాళ్ళకు తక్కువే ఇస్తారు. సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చినా పొలం గట్టు దాకా అది సరిగా చేరలేదు. దీనికి సంప్రదాయం ఒక కారణమైతే, పిల్లలను, ఇంటిని వదిలి వాళ్ళు దూరం పోలేరన్నది యజమానికి తెలిసి ఉండటం ఇంకో కారణం. పోలేని మనిషికి బేరమాడే బలం ఉండదు. ఈ వ్యాసంలోని మిగతా అంశాలన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కూలి తేడాలను రాష్ట్రాల మధ్య మాత్రమే వెతికితే ఒకే పొలంలో పక్కపక్కన ఉన్న తేడా కనబడకుండా పోతుంది.

ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు ఏమవుతుంది

2008లో మొదలైన శ్రీసిటీ పారిశ్రామిక వాడలో, రేణిగుంట–కరకంబాడి వైపు ఉన్న బ్యాటరీ, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో చుట్టుపక్కల మండలాల నుంచి వేల మంది పనిచేస్తున్నారు. వరదయ్యపాళెం, సత్యవేడు వైపు పల్లెల్లోకి కంపెనీ బస్సులు వచ్చి ఆడపిల్లలను ఎక్కించుకుపోవడం ఇప్పుడు మామూలు సంగతి. చెన్నై రేవుకు దగ్గర, భూమి ధర అక్కడికంటే తక్కువ, జీతాలు కూడా శ్రీపెరుంబుదూరు కంటే కాస్త తక్కువకు కుదురుతాయి అన్న లెక్కలతోనే కంపెనీలు ఇటు చూశాయి. అంటే తక్కువ జీతం కొంతవరకు పెట్టుబడిని పిలిచింది. వచ్చిన పెట్టుబడి మళ్ళీ జీతాలను పైకి నెట్టాలి.

అలా నెట్టుతుందా లేదా అన్నది కంపెనీల సంఖ్య మీద ఆధారపడుతుంది. ఒక ప్రాంతంలో ఒకే పెద్ద కంపెనీ ఉంటే, పని మానేసినవాడు వెళ్ళడానికి ఇంకో గేటు లేదు. జీతం కంపెనీ ఇష్టం. పక్కపక్కనే వంద గేట్లు ఉంటే నెలకు వెయ్యి రూపాయల తేడాకే మనుషులు మారిపోతారు. హెచ్‌ఆర్ వాళ్ళకు అది టెన్షన్, పనివాళ్ళకు అదే బలం. అయితే ఈ ఉద్యోగాల్లో చాలావరకు లేబర్ కాంట్రాక్టర్ల ద్వారా ఇచ్చేవే కాబట్టి ఆ బలం కూడా పూర్తిగా అందడం లేదు. శిక్షణ కాలం పేరుతో కొన్నాళ్ళు, కాంట్రాక్టు పేరుతో మరికొన్నాళ్ళు ఒకే మెట్టు మీద ఉండిపోయేవాళ్ళు చాలామంది.

దీని దెబ్బ పొలాల మీద కనిపిస్తోంది. ఫ్యాక్టరీ బస్సు వచ్చే ఊళ్ళో నాట్లకు, కోతలకు మనుషులు దొరకరు. వరి కోత యంత్రాలు, కలుపు మందులు, కూలీలు ఎక్కువ అక్కర్లేని మామిడి తోటలు, వీటన్నిటి వెనక నీళ్ళ కొరతతో పాటు కూలీల కొరత కూడా ఉంది. మరోవైపు తిరుపతిలో అపార్ట్‌మెంట్ కట్టేచోట, హోటళ్ళ వంటశాలల్లో ఒడిశా, బిహార్, బెంగాల్ మాట వినిపిస్తుంది. ఇక్కడివాళ్ళు బెంగళూరుకు, చెన్నైకి, ఇంకొందరు కువైట్‌కు పోతే ఖాళీ అయిన చోటికి ఇంకా తక్కువ కూలి ఉన్న ప్రాంతాలవాళ్ళు వస్తున్నారు.

ప్రభుత్వం గీసే గీతలు

కూలిని మార్కెట్ ఒక్కటే నిర్ణయించదు. పల్లెల్లో కరువు పని అని పిలిచే ఉపాధి హామీలో ఈ సంగతి తేటగా కనిపిస్తుంది. 2025-26కు కేంద్రం ప్రకటించిన రోజుకూలి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు 307 రూపాయలు, తమిళనాడుకు 336, కర్ణాటకకు 370, హర్యానాకు 400, బిహార్‌కు 255. కుప్పం దగ్గర సరిహద్దుకు ఇటు గుంత తవ్వితే 307, అటు తవ్వితే 370. మట్టి ఒకటే, గడ్డపార ఒకటే, పథకం కూడా ఒకటే.

ఈ తేడా ఎప్పుడూ ఇంత లేదు. 2011 జనవరిలో ఇదే పథకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రేటు 121, కర్ణాటకది 125, తమిళనాడుది 119. అంటే అప్పుడు తమిళనాడు కంటే మనమే రెండు రూపాయలు పైన. ఆ ఏడాది నుంచి ప్రతి రాష్ట్రంలోని వ్యవసాయ కార్మికుల ధరల సూచీని బట్టి ఏటా రేటు పెంచుతూ వచ్చారు. ఏ రాష్ట్రంలో సూచీ ఎక్కువ పెరిగితే అక్కడ కూలి ఎక్కువ పెరిగింది. కర్ణాటకతో ఏటా కొద్దికొద్దిగా వచ్చిన తేడా పద్నాలుగేళ్ళలో నాలుగు రూపాయల నుంచి 63 రూపాయలకు చేరింది. చేసే పనిలో, దాని కష్టంలో ఏ మార్పూ లేకుండా కేవలం లెక్క కట్టే పద్ధతి వల్ల పుట్టిన అంతరం ఇది. 2025 డిసెంబరులో ఈ చట్టం స్థానంలో 125 రోజుల పని హామీతో కొత్త చట్టం వచ్చింది. రోజులు పెరిగినా, రాష్ట్రాల మధ్య రేట్లలో ఈ అంతరాన్ని ఏం చేస్తారన్నది వేరే ప్రశ్న.

కనీస వేతనాల్లోనూ ఇలాంటి గీతలున్నాయి. 1948 చట్టం కింద రాష్ట్రాలు తమ పరిధిలోని పనులకు వేరువేరుగా రేట్లు ప్రకటిస్తూ వచ్చాయి. దేశమంతటికీ కలిపి కేంద్రం సూచించిన కనీస స్థాయి 2017 నుంచి రోజుకు 176 రూపాయల దగ్గరే ఉండిపోయింది. 2019లో అనూప్ సత్పతి నాయకత్వంలోని నిపుణుల కమిటీ దేశమంతటికీ 375 రూపాయలు, లేదంటే దేశాన్ని ఐదు ప్రాంతాలుగా చేసి 342 నుంచి 447 దాకా పెట్టాలని సూచించింది. ఆ విభజనలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను రాజస్థాన్, ఉత్తరాఖండ్‌లతో కలిపి 380 రూపాయల వరుసలో ఉంచారు. తమిళనాడు, కర్ణాటక, కేరళలు 414 రూపాయల వరుసలోకి వెళ్ళాయి. చిత్తూరు జిల్లావాళ్ళు పాలు, కూరగాయలు, పనిమనుషుల కోసం పోటీ పడేది వేలూరుతో, కోలారుతో. కాగితం మీద మాత్రం జైపూరుతో జోడీ. రాష్ట్రాల సరిహద్దుల ప్రకారం ప్రాంతాలను గీస్తే అంచు జిల్లాలకు ఇలాంటి ఇబ్బంది తప్పదు.

2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం కేంద్రం ఒక ఫ్లోర్ వేజ్ ప్రకటించాలి, రాష్ట్రాలు అంతకంటే తక్కువ కనీస వేతనం పెట్టకూడదు. ఫ్లోర్ వేజ్ ప్రాంతాన్ని బట్టి మారవచ్చని కూడా చట్టంలోనే ఉంది. ఇప్పటికే ఎక్కువ ఇస్తున్న రాష్ట్రం దాన్ని చూపి తగ్గించడానికి వీల్లేదు. ఇంతకుముందు 176 సలహా మాత్రమే, ఇకపై ప్రకటించేది చట్టబద్ధం. అసలు మార్పు అదే.

ఖర్చు లెక్క వేస్తే తేడా ఎంత మిగులుతుంది

బెంగళూరులో 40 వేలు, తిరుపతిలో 25 వేలు అంటే తేడా 15 వేలు కాదు. ఫోన్, బైకు, పెట్రోలు, గ్యాస్ సిలిండర్, సబ్బులు, పేస్టులు, వీటి ధర ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. మారేవి ఇంటి అద్దె, స్కూలు ఫీజు, ప్రయాణం, బయట తిండి. అద్దెల్లోనే ఎక్కువ తేడా పోతుంది. అది తీసేశాక కూడా పెద్ద నగరంలో కొంత మిగులుతుంది. ముఖ్యంగా నైపుణ్యం ఉన్నవాళ్ళకు అక్కడ జీతం పెరిగే వేగం ఎక్కువ. తక్కువ కూలివాళ్ళకు మాత్రం మిగిలేది చాలా కొద్ది. భార్యాపిల్లలను ఊళ్ళో ఉంచి, తానొక్కడే షెడ్డులో పడుకుంటేనే బేల్దారి పనివాడికి బెంగళూరు గిట్టుబాటవుతుంది.

తిరుపతి ఈ విషయంలో మామూలు చిన్న పట్నం లాంటిది కాదు. రోజుకు 60 వేల నుంచి 80 వేల మంది దర్శనానికి వస్తారు. కాలేజీలు, హాస్టళ్ళు, ఆసుపత్రులు సరేసరి. స్థలం మీద ఇంత గిరాకీ ఉన్నప్పుడు అద్దెలు యాత్రికుల జేబును బట్టి పెరుగుతాయి, స్థానికుల జీతాన్ని బట్టి కాదు. ఇక్కడ ఖర్చు పెద్ద ఊరిది, జీతం చిన్న ఊరిది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం దీనికి మంచి ఉదాహరణ. జనాభా 50 లక్షలు దాటిన నగరాలు ఎక్స్, 5 లక్షలు దాటినవి వై, మిగతావి జడ్. కరువు భత్యం 50 శాతం చేరాక 2024 జనవరి నుంచి ఈ మూడింటికీ 30, 20, 10 శాతం చొప్పున ఇస్తున్నారు. నెలకు 50 వేల మూలవేతనం ఉన్న ఉద్యోగికి చెన్నైలో 15 వేలు, నెల్లూరులో 10 వేలు, తిరుపతిలో 5 వేలు. నెల్లూరు, గుంటూరు వై వరుసలో ఉన్నాయి. 2011 జనగణనలో తిరుపతి, శివార్లతో కలిపినా, సుమారు 4.6 లక్షల దగ్గర ఆగింది కాబట్టి ఆ గీత దాటలేదు. 2021లో జరగాల్సిన జనగణన 2027కు వాయిదా పడింది. పాత అంకె మీదే ఇంకా లెక్క నడుస్తోంది. యాత్రికులను ఏ జనగణనా లెక్కించదు, ఇంటి యజమాని మాత్రం లెక్కిస్తాడు.

ఒకే ఊరు, ఒకే పని, రెండు జీతాలు

ప్రాంతాల మధ్య తేడా కంటే ఒక్కోసారి ఒకే ఆఫీసులోని తేడా పెద్దది. రెగ్యులర్, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ అన్న మూడు మెట్లు తిరుపతిలో తెలియనివారు లేరు. పక్కపక్క కుర్చీల్లో ఒకే ఫైలు చూసే ఇద్దరిలో ఒకరి జీతం ఇంకొకరి జీతంలో మూడో వంతు ఉండవచ్చు. సమాన పనికి సమాన వేతనం సూత్రం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016 అక్టోబరులో పంజాబ్ ప్రభుత్వం, జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏజెన్సీ ద్వారా తీసుకున్నప్పుడు అసలు యజమాని ఎవరన్న వివాదం దగ్గరే చాలా కేసులు చిక్కుకుంటున్నాయి. ఒక జిల్లా సగటు పెరిగిందా తగ్గిందా అని చూసేటప్పుడు, అక్కడ రెగ్యులర్ పోస్టులు ఎన్ని మిగిలాయన్నది కూడా చూడాలి. సీనియర్లు రిటైరై, వాళ్ళ స్థానంలో ఔట్‌సోర్సింగ్ వాళ్ళు వస్తే ఎవరి జీతమూ తగ్గకుండానే సగటు తగ్గిపోతుంది.

బయటి దేశాలు ఎలా చేస్తున్నాయి

జర్మనీ 2015 నుంచి దేశమంతటికీ ఒకే కనీస వేతనం పెట్టింది. తూర్పు జర్మనీలో జీతాలు తక్కువ కాబట్టి ఆ చట్టం లాభం అటువైపు ఎక్కువ పడింది. జపాన్ ప్రతి ప్రిఫెక్చర్‌కూ, అంటే అక్కడి ఒక్కో పాలనా ప్రాంతానికీ, వేరే రేటు నిర్ణయిస్తుంది. 2024లో టోక్యోలో గంటకు 1,163 యెన్‌లు, అన్నిటికంటే తక్కువగా అకితాలో 951. అమెరికాలో కేంద్రం పెట్టిన గంటకు 7.25 డాలర్లు 2009 నుంచి కదలలేదు, చాలా రాష్ట్రాలు దాన్ని దాటి తమ సొంత రేట్లు పెట్టుకున్నాయి. మన కొత్త కోడ్ ఈ రెండో, మూడో పద్ధతులకు దగ్గరగా ఉంది. జపాన్ లెక్కలో గమనించాల్సింది ఏమంటే అత్యధికానికీ అత్యల్పానికీ మధ్య తేడా నాలుగో వంతు కూడా లేదు. మన దగ్గర పొలం కూలిలో కేరళకూ మధ్యప్రదేశ్‌కూ మధ్య మూడు రెట్లకు పైన ఉంది.

ముందు ఏం మారవచ్చు

దగ్గరలో చూడాల్సినవి రెండు. మొదటిది, కొత్త కోడ్‌లో జీతం నిర్వచనం. మూలవేతనం, కరువు భత్యం కాకుండా మిగతా అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత భాగాన్నీ జీతంగానే లెక్కించాలి. గ్రాట్యుటీ వంటివి దీంతో పెరుగుతాయి. పీఎఫ్‌ను పూర్తి జీతం మీద కట్టే చోట చేతికొచ్చేది కాస్త తగ్గవచ్చు. 15 వేల పరిమితి మీదే పీఎఫ్ కట్టే చోట చేతికొచ్చేది మారదు. పట్టికల్లో జీతాలు పెరిగినట్టు కనిపిస్తే అది నిజంగా పెరిగినదా, నిర్వచనం మారినదా అని అడగాల్సి వస్తుంది.

రెండోది, రాబోయే ఫ్లోర్ వేజ్ అంకె, దాన్ని ఏ ప్రాంతాలుగా గీస్తారన్నది. ఏ అంకె పెట్టినా కుప్పం స్టేషన్‌లో రైలెక్కే మేస్త్రీకి అది తగలదు, అతనికి వచ్చేది ఇప్పటికే దానికి పైన. శ్రీసిటీ గేటు ముందు నిలబడ్డ డిప్లొమా కుర్రాడికీ పెద్దగా తగలకపోవచ్చు. తగిలేది బస్సు కూడా సరిగా లేని మండలంలో, ఊరు దాటలేని ఆడకూలీకి. ఆమెకు అది అందాలంటే రేటు ప్రకటించడంతో పాటు పొలం పనికి ఎంత ఇచ్చారో చూసే లేబర్ అధికారి ఉండాలి. ఒక్కో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ కింద మండలాలకు మండలాలు ఉన్న చోట ఆ తనిఖీ నిజంగా ఎవరు చేస్తారన్నదే అసలు ప్రశ్న.